ఆ మాత్ర పేరు మీ స్నేహితులకు తెలుసా?

విదేశీ ప్రయాణం అనగానే వీసా, టికెట్లు, స్వెట్టర్లు, ఆవకాయ డబ్బా అన్నీ గుర్తుంటాయి. తోడు వచ్చేవాళ్లకు మన జబ్బు గురించి చెప్పాలన్న సంగతి మాత్రం గుర్తుండదు. గుర్తున్నా చెప్పబుద్ధి కాదు. జర్మనీలో రెండు రోజుల సరదా ప్రయాణంలో నా స్నేహితుడికి ఎదురైన అనుభవాన్ని, అతని అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు పొరపాటు అతనొక్కడిదే కాదు. పక్కనే ఉన్న డాక్టరుగా నాది కూడా.

శనివారం అంతా హుషారే

మేం నలుగురం ఇంటర్‌లో ఒకే బెంచీ. ఒకడు చాలా ఏళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాడు. ఇద్దరు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. నేను ప్రభుత్వాసుపత్రిలో ఫిజీషియన్‌ని. కుటుంబాలు లేకుండా నలుగురం కలిసి ఒక్కసారైనా తిరగాలని ఇరవై ఏళ్లుగా అనుకుంటుంటే, మొన్న అక్టోబరులో కుదిరింది. ఒక శని, ఆదివారాలు కొలోన్ నగరం చూసి రావాలన్నది పథకం.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కొలోన్‌కు వేగంగా వెళ్లే ఐసీఈ రైల్లో గంటకు కాస్త అటూ ఇటూ. కొన్నిచోట్ల గంటకు 300 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. స్టేషన్ బయట అడుగు పెడితే చాలు, ఎదురుగా కొలోన్ కెథడ్రల్. 1248లో మొదలుపెట్టి, మధ్యలో కొన్ని శతాబ్దాలు ఆపేసి, 1880లో పూర్తి చేసిన చర్చి అది. శిఖరాల ఎత్తు 157 మీటర్లు. మన చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ నుదుటి మీద తడిగుడ్డతో వేసిన యూడీకొలోన్ కూడా ఈ ఊరిదే. ఆ పేరుకి అర్థం ‘కొలోన్ నీళ్లు’ అని. ఆ సీసా దుకాణాల్లో కనిపించగానే నలుగురం ఒక్కసారిగా చిన్నపిల్లలమైపోయాం.

రోజంతా రైన్ నది ఒడ్డున నడిచాం. హోహెన్‌జోలెర్న్ వంతెన కంచె నిండా ప్రేమికులు కట్టిన తాళాలు చూసి నవ్వుకున్నాం. రాత్రికి అక్కడి పాత బీరు హోటల్లో కూర్చున్నాం. ఆ ఊరి బీరుని కోల్ష్ అంటారు. 200 మిల్లీలీటర్ల సన్నటి గ్లాసుల్లో ఇస్తారు. గ్లాసు ఖాళీ అయితే అడగకుండానే ఇంకోటి తెచ్చి పెట్టడం అక్కడి అలవాటు. చాలు అనుకుంటే గ్లాసు మీద అట్టముక్క పెట్టాలి. ఆ సంగతి ఫ్రాంక్‌ఫర్ట్ మిత్రుడు చెప్పేసరికే మా హైదరాబాద్ మిత్రుడి ముందు ఆరో గ్లాసు వచ్చింది. అక్కడ దొరికిన తిండి నచ్చక సరిగా తినలేదు కూడా.

మెట్ల మీద చెమటలు

ఆదివారం పొద్దున్న హోటల్లో మేం ముగ్గురం బ్రెడ్డు, గుడ్లు తిన్నాం. అతను మాత్రం ‘ఈ చల్లటి బ్రెడ్డు నావల్ల కాదు, బయట ఏదైనా చూసుకుందాం’ అని కాఫీతో సరిపెట్టాడు. అప్పటికే గదిలో ఒక మాత్ర వేసుకున్నాడని మాకెవరికీ తెలియదు.

కెథడ్రల్ దక్షిణ గోపురం ఎక్కాలన్నది అతని కోరికే. 533 మెట్లు. లిఫ్టు లేదు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకే ఇరుకు మెట్ల మీద, గుండ్రంగా తిరుగుతూ ఒకరినొకరు తప్పించుకుంటూ సాగాలి. ‘అలిపిరి మెట్లెక్కినవాణ్ణిరా, ఇదొక లెక్కా’ అన్నాడు. అలిపిరి ఎక్కింది డిగ్రీ చదివేటప్పుడు!

పైకి బాగానే ఎక్కాడు. దాదాపు వంద మీటర్ల ఎత్తు నుంచి ఊరంతా చూసి ఫొటోలు దిగాం. దిగేటప్పుడు అతని తీరు మారింది. ఎవరో చెయ్యి తగిలిస్తే విసుక్కున్నాడు. అతను అంత తేలిగ్గా విసుక్కునే మనిషి కాదు. చల్లగాలి కొడుతున్నా చొక్కా కాలరు తడిసిపోయింది. కిందికి వచ్చాక మాట కాస్త ముద్దగా వచ్చింది. ‘రాత్రిది ఇంకా దిగలేదురా వీడికి’ అని మిగతా ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండు నిమిషాల తర్వాత అతను మెట్ల పక్కన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. చెయ్యి పట్టుకుంటే వణుకుతోంది, చల్లగా జిగటగా ఉంది. అప్పుడు నాలోని డాక్టరు నిద్ర లేచాడు.

‘ఒరేయ్, నీకు షుగర్ ఉందా?’

‘లేదురా.’

‘ఏమైనా మాత్రలు వాడుతున్నావా?’

‘ఏం లేదు. నన్ను కాసేపు వదిలేయండి.’

గుండెపోటు కావచ్చు, పక్షవాతం కావచ్చు, షుగర్ పడిపోయి ఉండవచ్చు. చేతిలో గ్లూకోమీటర్ లేదు. ఇలాంటప్పుడు మా వైద్యుల లెక్క ఒక్కటే. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే ముందు తీపి ఇవ్వాలి. షుగర్ పడిపోకపోయినా ఆ కాస్త తీపితో పెద్ద నష్టం లేదు. పడిపోయి ఉంటే ప్రాణం నిలుస్తుంది.

కోలా తెచ్చాడు... కానీ!

జర్మనీలో ఆదివారం చట్టప్రకారం దుకాణాలు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలకు మాత్రం మినహాయింపు ఉంటుంది. మా అదృష్టం, స్టేషన్ పక్కనే ఉంది. ఒక మిత్రుడు పరుగెత్తి కోలా సీసా తెచ్చాడు. మూత తీస్తుండగా చూశాను. జీరో కోలా! అందులో చక్కెరే ఉండదు. ‘షుగర్ అన్నావు కదా అని అదే తెచ్చా’ అన్నాడు పాపం. షుగర్ జబ్బు అనగానే చక్కెర లేనిదే ఇవ్వాలని మన బుర్రల్లో అంతగా నాటుకుపోయింది. షుగర్ పడిపోయినప్పుడు అదే కొంప ముంచుతుంది.

రెండోసారి వెళ్లి ఆపిల్ జ్యూస్ తెచ్చాడు. గుటక గుటకగా తాగించాం. పదిహేను నిమిషాల్లో చెమట ఆరింది, మాట తేటపడింది. అప్పుడు తలొంచుకుని చెప్పాడు. ‘రెండేళ్ల నుంచి షుగర్ ఉందిరా.’

‘తెల్ల మాత్ర’ అంటే ఏది?

‘ఏ మాత్ర వాడుతున్నావ్?’ అంటే ‘ఏమోరా, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తెల్లగా, పొడుగ్గా ఉంటుంది. మా ఆవిడ డబ్బాలో సర్ది ఇచ్చింది’ అన్నాడు.

మా ఓపీలో రోజూ వినే మాటే ఇది. ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లు ‘పసుపు గోళీ’, ‘చిన్న గోళీ’ అంటారు. వాళ్లకు చదువు లేదని సరిపెట్టుకుంటాం. నెలకు లక్షల జీతం తీసుకునే ఇంజినీరుదీ అదే జవాబు. మన ఇళ్లలో చాలామంది మగవాళ్లకు తాము మింగే మందు పేరు తెలియదు. మంచినీళ్ల గ్లాసుతో పాటు భార్య చేతిలో పెడుతుంది, వేసుకుంటారు.

ఫ్రాంక్‌ఫర్ట్ మిత్రుడు 116117కి ఫోన్ చేశాడు. ప్రాణాపాయం లేని అత్యవసరాలకు, డాక్టర్ల క్లినిక్కులు మూసి ఉన్న వేళల్లో వైద్యసాయం కోసం జర్మనీ అంతటా పనిచేసే ఉచిత నంబరు అది. షుగర్ మాత్ర వల్ల ఇలా జరిగి ఉంటే ఆసుపత్రి ఎమర్జెన్సీలో చూపించాలన్నారు. నా అభిప్రాయమూ అదే. అక్కడ నర్సు అడిగిన మొదటి ప్రశ్న కూడా ‘ఏ మందు?’ అనే.

హైదరాబాద్‌కు ఫోన్ చేశాం. అక్కడ మధ్యాహ్నం మూడున్నర దాటింది. ‘అన్నయ్యా, ఆయనకేమైంది? ఆయన ఫోన్ నుంచి మీరెందుకు చేస్తున్నారు?’ అంది వాళ్లావిడ. సర్దిచెప్పి, మాత్రల అట్ట ఫొటో పంపమన్నాను. నిమిషంలో వచ్చింది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర. ఆ కంపెనీ పేరు ఆ నర్సుకు తెలియలేదు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూడగానే ‘ఓ, గ్లిమెపిరిడ్’ అంది. గ్లిమెపిరైడ్‌ను తీసుకొచ్చింది ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హెక్స్ట్ కంపెనీయే. అమ్మే పేరు దేశానికొకటి ఉంటుంది. అసలు మందు పేరు ప్రపంచమంతా దాదాపు ఒక్కటే. రాసి పెట్టుకోవాల్సింది దాన్నే.

అప్పటికి జ్యూస్ తాగి గంట దాటింది. అయినా రక్తంలో గ్లూకోజ్ 61 చూపించింది. 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే మేం షుగర్ పడిపోయినట్టుగా లెక్కిస్తాం. సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించి, మర్నాడు పొద్దుటిదాకా పరిశీలనలో ఉంచారు.

అసలేం జరిగింది?

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మందులు క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. మనం తిన్నామా లేదా అన్నది వాటికి పట్టదు. తినకుండా వేసుకుంటే ఆ ఇన్సులిన్ రక్తంలో ఉన్న కాస్త గ్లూకోజ్‌నూ తగ్గించేస్తుంది. వీటి ప్రభావం చాలా గంటలు ఉంటుంది. అందుకే జ్యూస్ తాగి తేరుకున్నా మళ్లీ పడిపోయే ప్రమాదం ఉంది. ‘లేచి కూర్చున్నాడు కదా’ అని వదిలేయకూడదన్నది ఇందుకే. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ.

రెండోది, నడక. మామూలు రోజు కారు నుంచి కుర్చీ దాకా నడిచే మనిషి ఇక్కడ రోజంతా నడిచాడు, మెట్లెక్కాడు. కండరాలు గ్లూకోజ్‌ను పీల్చేసుకుంటాయి.

మూడోది, రాత్రి తాగిన బీరు. ఖాళీ కడుపున ఉన్నప్పుడు రక్తంలోకి గ్లూకోజ్ వదిలేది కాలేయం. మద్యాన్ని విరగ్గొట్టే పనిలో పడిన కాలేయం కొత్త గ్లూకోజ్ తయారీని తగ్గించేస్తుంది. ఆ ప్రభావం మర్నాటి దాకా ఉండవచ్చు. పైగా షుగర్ పడిపోయిన మనిషి తాగినవాడిలాగే కనిపిస్తాడు. తడబాటు, మాట ముద్దగా రావడం, విసుగు, చెమటలు. పక్కవాళ్లు ‘ఎక్కువైంది, పడుకోనివ్వండి’ అంటారు. అలా పడుకున్నవాళ్లు స్పృహ తప్పి, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి తెచ్చుకున్న సందర్భాలున్నాయి.

ఒక్క రోజులో మూడూ కలిశాయి. విహారయాత్రలో ఇవి కలవడం వింతేమీ కాదు. శాకాహారులైతే బీరు లేకపోయినా అంతే. ‘ఇందులో ఏం కలిపారో’ అని భోజనం మానేస్తారు, మాత్ర మాత్రం మానరు.

ఎందుకు దాచాడు?

సాయంత్రం ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అడిగాను. ‘నాతోనైనా చెప్పొచ్చు కదరా.’

‘మీరు ముగ్గురూ ఇంకా కుర్రాళ్లలా ఉన్నారు. నేనొక్కణ్ణే ముసలాణ్ణయ్యానని ఏడిపిస్తారనుకున్నా. ప్లేటులో స్వీటు పెట్టుకుంటే నువ్వు క్లాసు పీకుతావని కూడా.’

రెండో మాట నాకు గట్టిగా తగిలింది. మేం డాక్టర్లం, కుటుంబసభ్యులం షుగర్ ఉన్న మనిషిని తప్పు చేసినవాడిలా నిలబెడతాం. అందుకే వాళ్లు దాస్తారు. బీమా దరఖాస్తులో కూడా అతను ‘జబ్బులేమీ లేవు’ అనే రాశాడు. షెంజెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలి కాబట్టి పాలసీ అయితే ఉంది. జబ్బు దాచి తీసుకున్నందువల్ల అది అక్కరకు రాలేదు. ఆసుపత్రి బిల్లు జేబులోంచే కట్టాడు.

షుగర్ ఒక్కటే కాదు

ఫిట్స్, ఆస్తమా, గుండె స్టెంట్లు, రక్తం పల్చబడే మందులు, పల్లీలకో పెన్సిలిన్‌కో అలర్జీ... ఇవేవీ తోటి ప్రయాణికులకు తెలియకుండా ఉండకూడదు. రక్తం పల్చబడే మందు వాడే మనిషి మెట్ల మీద జారి తల కొట్టుకుంటే, పైకి గాయం కనిపించకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్ లాంటి బీపీ మందులు వాడేవారిలో షుగర్ పడిపోయినా గుండెదడ, వణుకు అంతగా తెలియవు. చెమట మాత్రం పడుతుంది. ఆ సమయంలో మన గురించి మాట్లాడగలిగేది పక్కనున్న మనిషే. వాళ్లకు తెలియకపోతే అక్కడి డాక్టరుకూ తెలియదు.

జర్మనీలో వారాంతం అయితే...

- మందుల దుకాణాన్ని అక్కడ అపొటెక్ అంటారు. ఎర్ర రంగులో పెద్ద ‘ఏ’ అక్షరం గుర్తు. సబ్బులు, విటమిన్లు అమ్మే ‘డ్రోగెరీ’ వేరు. పారాసిటమాల్ కూడా అపొటెక్‌లోనే అడగాలి. ఇన్సులిన్, బీపీ మందులు, యాంటీబయాటిక్స్ డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు.
- ఆదివారం చాలా అపొటెక్‌లు మూసి ఉంటాయి. వంతులవారీగా కొన్ని తెరుస్తారు. ఏది తెరిచి ఉందో మూసిన దుకాణం తలుపు మీద రాసి ఉంటుంది.
- స్పృహ తప్పడం, ఛాతీనొప్పి, మూతి వంకరపోవడం, ఊపిరి అందకపోవడం లాంటివి కనిపిస్తే నేరుగా 112. ఐరోపా సమాఖ్య దేశాలన్నింటిలో ఉచితంగా పనిచేస్తుంది. ప్రాణాపాయం లేనివాటికి జర్మనీలో 116117.
- గ్లూకోజ్ బిళ్లలను అక్కడ ‘ట్రౌబెన్‌త్సుకర్’ అంటారు. సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతాయి. శనివారమే కొని జేబులో వేసుకోండి.
- ఆదివారం పొద్దున కొన్ని గంటలు బేకరీలు తెరుస్తారు. ఒక బన్ను, రెండు అరటిపళ్లు సంచిలో ఉంటే పూట గడుస్తుంది.

బయల్దేరే ముందు ఇవి చేయండి

- ఒక కాగితం మీద మీ జబ్బులు, మందుల అసలు పేర్లు, మోతాదు, అలర్జీలు, బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు ఇంగ్లిష్‌లో రాయండి. ఒక ప్రతి మీ పర్సులో, ఒక ప్రతి తోటి ప్రయాణికుడి దగ్గర ఉండాలి. ప్రిస్క్రిప్షన్ కూడా వెంట తీసుకెళ్లండి.
- మందులు డబ్బాలోకి మార్చినా అసలు అట్టలు పారేయొద్దు. ప్రయాణ రోజులకు కావలసినదాని కంటే వారానికి ఎక్కువగానే పెట్టుకోండి. అన్నీ చేతి సంచిలోనే. ఇన్సులిన్‌ను చెకిన్ సామాన్లలో పెడితే చలికి గడ్డకట్టి పాడవవచ్చు.
- జర్మనీ సమయం వేసవిలో మనకంటే మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. రోజుకొకసారి వేసుకునే చాలా మాత్రలకు ఈ తేడాతో ఇబ్బంది లేదు. ఇన్సులిన్ వేళలు మాత్రం ముందే మీ డాక్టరుతో మాట్లాడుకోండి.
- భోజనంతో వేసుకోవాల్సిన షుగర్ మాత్రను ప్లేటు ముందుకు వచ్చాకే వేసుకోండి. ఎక్కువ నడిచే రోజుల్లో మోతాదు తగ్గించాలా అని ముందే అడగండి. ఇన్సులిన్‌ను మాత్రం సొంతంగా మానేయొద్దు.
- షుగర్ పడిపోతే 15 గ్రాముల గ్లూకోజ్, లేదా మూడు చెంచాల చక్కెర నీళ్లు, లేదా 150 మిల్లీలీటర్ల జ్యూస్ ఇవ్వండి. 15 నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. చాక్లెట్‌లోని కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. మీ మాత్రలో వోగ్లిబోస్, అకార్బోస్ ఉంటే చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి.
- స్పృహలో లేని మనిషి నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవండి.
- బీమా ఫారంలో నిజం రాయండి. ముందునుంచి ఉన్న జబ్బులకు వర్తిస్తుందో లేదో అడిగి పాలసీ తీసుకోండి.

అందరం చెప్పుకున్నాం

తిరిగి వచ్చిన వారానికి మా నలుగురి వాట్సాప్ గ్రూపులో అతను ఒక ఫొటో పెట్టాడు. తన మందుల పేర్లన్నీ సొంత చేత్తో రాసిన కాగితం. కింద ‘ఇక దాచేది లేదు, మీ దయ’ అని రాశాడు. కాసేపటికి ఫ్రాంక్‌ఫర్ట్ మిత్రుడు తనకు ఆస్తమా ఇన్‌హేలర్ ఉందని రాశాడు. మూడోవాడు థైరాయిడ్ మాత్ర గురించి చెప్పాడు.

మిగిలింది నేను. మూడేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ఆ ప్రయాణంలో ఎవరికీ చెప్పలేదు. రోజూ వందమందిని ‘ఏం మందులు వాడుతున్నారు?’ అని అడిగే నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజు నా మాత్ర పేరు కూడా గ్రూపులో పెట్టాను.

ఈసారి మీరు స్నేహితులతో ఎక్కడికైనా బయల్దేరేటప్పుడు, అది జర్మనీ అయినా అరకు అయినా, టికెట్లు ఎవరి దగ్గర ఉన్నాయని అడిగినట్టే ‘ఎవరెవరు ఏం మందులు వాడుతున్నారు’ అని కూడా ఒక్క మాట అడగండి. ముందు మీది చెప్పండి. మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే చెబుతారు.